పర్యావరణ పాఠం చెప్పే యాప్ చింతచెట్టు కింద పనికి రావాలి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, జిల్లా అటవీ అధికారి గారికి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ అధికారి గారికి నమస్కారములు.

నేను ఈ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా జీవశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయుణ్ణి. పర్యావరణంపై ప్రజలకు, ముఖ్యంగా విద్యార్థులకు, మొబైల్ యాప్‌ల ద్వారా అవగాహన కల్పించాలన్న మాట ఈ మధ్య మాకు జరిగే ప్రతి సమావేశంలోనూ వినిపిస్తోంది. ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే యాప్ తయారై, ప్రారంభోత్సవం జరిగి, మా చేతికి వచ్చాక చెప్పే మాటకు విలువ ఉండదు కాబట్టి, అది కాగితం మీద ఉన్నప్పుడే నా అనుభవంలో తెలిసిన సంగతులు మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి శీతాకాలంలో మా తొమ్మిదో తరగతి పిల్లలను టెక్కలి మండలం తేలినీలాపురం తీసుకువెళ్లాను. ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులు (స్పాట్-బిల్డ్ పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు కొమ్మకొమ్మకూ గూళ్లు కట్టి ఉన్నాయి. కింద నేలంతా రెట్టలతో తెల్లబడి, చేపల వాసన కొడుతోంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఉచితంగా అందించే మెర్లిన్ అనే పక్షుల యాప్‌ను నా ఫోనులో ముందురోజే దించుకున్నాను. ఒక అమ్మాయి దానితో ఫొటో తీసి, తెర మీద వచ్చిన ఇంగ్లీషు పేరును కూడబలుక్కుని చదివి, నోటుపుస్తకంలో రాసుకుని, ఇక పని అయిపోయిందన్నట్టు ఫోను నాకు తిరిగి ఇచ్చేసింది. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఆ పిల్లను దగ్గరకు పిలిచి, ‘పేరు తరవాత రాద్దువు గాని, ఆ సంచిముక్కు దాన్ని సూడు, పిల్ల ఎక్కడ తల పెట్టీసి తింతందో సూడు’ అంది. పిల్లలందరూ తలలెత్తారు. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపను లాక్కుంటోంది. తర్వాత అరగంటసేపు ఎవరూ ఫోను అడగలేదు. ‘ఇవి మా ఆడపడుచులు బాబూ, పురిటికి పుట్టింటికొచ్చీసినాయి’ అని ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ రోజు ఆ యాప్ తప్పేమీ చేయలేదు. పక్షి పేరు సరిగానే చెప్పింది. ముసలమ్మ మాత్రం పిల్ల కళ్లను పక్షి వైపు తిప్పింది. మీరు చేయించబోయే యాప్ ఈ రెండో పని చేయాలని నా విన్నపం. పేరు చెప్పి ఊరుకోకుండా ‘ఈ గూట్లో ఎన్ని పిల్లలున్నాయి? పెద్ద పక్షి ఎంతసేపటికి తిరిగి వచ్చింది? ఏ దిక్కునుంచి వచ్చింది? అటువైపు ఏ చెరువు ఉంది?’ అని అడిగే యాప్ కావాలి. పిల్లవాడు ఫోను జేబులో పెట్టుకుని గంటసేపు చెట్టు కింద నిలబడితే తప్ప జవాబు దొరకని ప్రశ్నలు అందులో ఉండాలి. తెర మీద బొమ్మలు కదిలించి, పాయింట్లు ఇచ్చి, పతకం చూపించి పంపే క్విజ్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి, మరొకటి మనకు అవసరం లేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర దాదాపు అందరూ అంటారు, పత్రికలూ అలాగే రాస్తాయి, నేను కూడా కొన్నేళ్లు అలాగే చెప్పాను. నిజానికి గూడబాతు, పెయింటెడ్ స్టార్క్ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాల పక్షులే. సైబీరియా నుంచి శీతాకాలంలో మన దేశానికి వచ్చే పక్షులు చలి తప్పించుకోవడానికి వస్తాయి కానీ ఇక్కడ గుడ్లు పెట్టవు, ఎండాకాలం తమ చోటికి వెళ్లి అక్కడే పిల్లలను చేస్తాయి. మన చింతచెట్టు మీద గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లను ఎగరనేర్పి తీసుకుపోయే పక్షి సైబీరియాది ఎలా అవుతుందన్న ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లకు వేస్తే తానే ఆలోచించి జవాబు చెబుతుంది. ముసలమ్మ చెప్పిన పుట్టింటి మాటే శాస్త్రానికి దగ్గరగా ఉందని తెలిసినప్పుడు మా పిల్లల ముఖాలు మీరు చూసి ఉండవలసింది. యాప్‌లోకి ఎక్కిన తప్పు ఒక్క రోజులో జిల్లా అంతా పాకుతుంది కనుక, అందులో పెట్టే ప్రతి వాక్యాన్నీ ఆ విషయం తెలిసినవారు చదివి సరిచూడాలి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వానల మొదట్లో వచ్చే నత్తగుల్లకొంగల గురించి రాసేటప్పుడు, అవి వరిచేలలో నత్తలు ఏరుకు తినే పక్షులని అక్కడి రైతుకు తెలిసిన సంగతితోనే మొదలుపెడితే, పొలానికీ పక్షికీ ఉన్న సంబంధం వేరే పాఠంగా చెప్పవలసిన పని ఉండదు.

పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో బోధించాలని న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, 2003లో ఆ ఆదేశాన్ని మరింత గట్టిగా అమలు చేయించింది. పాఠ్యపుస్తకంలో అధ్యాయాలు వచ్చాయి. పిల్లలు ప్రాజెక్టులు చేయాలన్నారు. ఆ ప్రాజెక్టు చాలాచోట్ల పుస్తకాల దుకాణంలో బొమ్మల షీటు కొని అతికించే పనిగా మారిపోయిందని ఉపాధ్యాయుడిగా బాధతో ఒప్పుకుంటున్నాను. యాప్‌కు కూడా అదే గతి పట్టవచ్చునన్న భయం నాకు ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక పాఠశాలలో మొక్కలు నాటే కార్యక్రమానికి ఒక యాప్ ఇచ్చారు. ప్రతి విద్యార్థీ ఒక మొక్కతో నిలబడిన ఫొటో అప్‌లోడ్ చేయాలి, సాయంత్రానికి నూరు శాతం పూర్తి కావాలి. సిగ్నల్ కోసం మేము మేడ మీదకు ఎక్కి మూడు రోజులు అదే పనిలో ఉన్నాం. మొక్కలు చాలకపోవడంతో ఒకే కానుగ మొక్క ఎంతోమంది పిల్లల చేతుల్లోకి మారి ఫొటో దిగింది. నూరు శాతం వచ్చింది. ఆ వేసవిలో ఆ మొక్కకు ఎవరైనా నీళ్లు పోశారా అని అడిగే గడి ఆ యాప్‌లో లేదు, అడిగిన అధికారీ లేడు. ఆ కానుగ మొక్క ఎండిపోయింది. మేము పిల్లలకు ఆ మూడు రోజుల్లో నేర్పింది అబద్ధపు లెక్క రాయడం. అందుకే, ఈసారి ఎంతమంది దించుకున్నారు, ఎన్ని ఫొటోలు వచ్చాయి అన్న లెక్కలను మండలాలవారీగా పోటీ పెట్టి మా మీద రుద్దవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. మొక్క గురించే అయితే, అదే మొక్క దగ్గరకు మూడు నెలలకోసారి, రెండేళ్లపాటు పిల్లవాడు తిరిగి వెళ్లి ఎత్తు కొలిచి రాసేలా చేయండి. చచ్చిపోయిన మొక్కను చచ్చిపోయిందని నిజం రాసిన పిల్లవాడిని తప్పుపట్టకుండా, ఎందుకు చచ్చిపోయి ఉంటుందని అడగండి.

జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి, సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి ఆ పిల్లలు ఆడవో మగవో నిర్ణయమవుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి. భూతాపం అనే మాటను పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా పట్టని పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చటుక్కున అందుతుంది. ఇసుకలో నుంచి బయటపడిన పిల్ల వెలుతురున్న వైపు నడుస్తుంది. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదిది. ఒడ్డున ఫ్లడ్‌లైటు ఉంటే అది దారితప్పి ఊరివైపు వచ్చి, తెల్లారాక కాకులకు, కుక్కలకు చిక్కుతుంది. తీరాన రిసార్టులు, వీధిదీపాలు పెరుగుతున్న ఈ కాలంలో, తాబేళ్లు గుడ్లు పెట్టి పిల్లలు బయటికి వచ్చే ఆ నెలల్లో ఏ దీపం ఆర్పాలో, ఏ దీపం సముద్రం వైపు పడకుండా తిప్పాలో చెప్పడం యాప్ చేయగల మేలైన పని.

చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాం. వాటిని మొదట చూసేది తెల్లవారుజామున వల లాగడానికి వచ్చే మత్స్యకారులే. ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని అన్న వివరం వారి చేత యాప్‌లో నమోదు చేయిస్తే తీరమంతటి పరిస్థితీ అటవీశాఖకు తెలుస్తుంది. కానీ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. చెబితే కేసు మన మీదకే వస్తుందేమోనన్న అనుమానం పల్లెల్లో ఉంది, మా విద్యార్థుల తండ్రులే నాతో అన్నారు. సమాచారం ఇచ్చినవారిని ఏ విధంగానూ ఇబ్బంది పెట్టబోమని మీరు స్వయంగా ఆ పల్లెలకు వచ్చి మాట ఇస్తే తప్ప, యాప్ ఎంత బాగున్నా తీరంలో ఎవరూ ముట్టుకోరు. వలలో చిక్కిన తాబేలు బయటికి పోయే ఏర్పాటును మరపడవల వలలకు బిగించే విషయం కూడా మత్స్యశాఖ వారు ఆ సందర్భంలోనే మాట్లాడితే, భారమంతా చిన్న పడవవాడి మీదే పెడుతున్నారన్న బాధ తగ్గుతుంది.

కొత్త యాప్ కంటే ముందు, ఇప్పటికే ఉన్నవాటిని వాడుకోవడం నేర్పాలని కూడా మనవి. గాలి నాణ్యత చూపించే సమీర్ యాప్‌ను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నడుపుతోంది. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్‌ను పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ తయారుచేసింది, మనమున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే అది చెబుతుంది. పశువులు కాసే మనిషికి, నాట్లు వేసే ఆడవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే యాప్ లేదు. అయినా మా బడిలో తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే ఒక్కరికీ దాని పేరు తెలియదు. ఇక గాలి విషయానికి వస్తే, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణాలు అందుకోలేదని గుర్తించిన నగరాల జాబితాలో మన శ్రీకాకుళం, పొరుగున విజయనగరం రెండూ ఉన్నాయన్న సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఎనిమిది కాలుష్య కారకాలను కొలిచి, సున్నా నుంచి 500 వరకు ఒక అంకెగా సమీర్ యాప్‌లో చూపించే గాలి నాణ్యతా సూచీ, చదవడం వచ్చినవాడికే ఉపయోగపడుతుంది. ఆ అంకె 180 అయితే ఆయాసం ఉన్న తాతను పొద్దున్నే వాకింగ్‌కు పంపాలా వద్దా అన్నది పిల్లవాడు ఇంట్లో చెప్పగలగాలి. పలాసలో జీడిపిక్కల పొగ పీల్చుతూ పెరిగే పిల్లలకు పాఠం మొదలవవలసింది దిల్లీ పొగమంచుతో కాదు, తమ వీధి పొగతో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి నేను ఉద్దానంలోనే బంధువుల ఇంట్లో ఉన్నాను. తెల్లారేసరికి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు, నా ఫోను మధ్యాహ్నానికే ఆగిపోయింది. తర్వాత రోజుల తరబడి ఆ పల్లెల్లో చీకటే. ఆ రోజుల్లో ఏ యాప్ ఉన్నా ఎవరికీ అక్కరకు వచ్చేది కాదు. కాబట్టి మీ యాప్ నెట్ లేకుండా నడవాలి. పాఠాలు, పటాలు, తుపాను ఆశ్రయ కేంద్రాల వివరాలు ఒకసారి దించుకుంటే ఫోనులోనే ఉండిపోవాలి. పిల్లలు రాసిన వివరాలు సిగ్నల్ వచ్చినప్పుడు వాటంతటవే వెళ్లాలి. ఐదారు వేల రూపాయల పాత ఫోనులో కూడా పట్టేంత చిన్నదిగా ఉండాలి. మందస కొండల్లో, ఉద్దానం తోటల్లో, కలింగపట్నం వైపు పల్లెల్లో పరీక్షించి చూడని యాప్‌ను జిల్లా మీదకు వదలకండి.

భాష గురించి నాకు గట్టి పట్టుదల ఉంది. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు, కొండల్లోని సవరల పిల్లలకు చదువు వాళ్ల మాటలోనే చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, నిఘంటువు కూర్చారు. తెలుగు చదువు ప్రజలకు అర్థమయ్యే వాడుకభాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆ మహనీయుని జిల్లాలో ఇంగ్లీషు యాప్‌ను యంత్రంతో తెలుగులోకి దింపి, ‘జీవవైవిధ్య పరిరక్షణలో భాగస్వామ్య వినియోగదారులు కండి’ లాంటి వాక్యాలు పిల్లలకు చూపించడం తగదు. మొక్కలకు, చేపలకు, పిట్టలకు మన ఊళ్లలో వాడే పేర్లు యాప్‌లో ఉండాలి. మండలానికో పేరు ఉంటే అన్నీ ఉండాలి, లేని పేరును పిల్లవాడు తాతను అడిగి చేర్చే వీలుండాలి. ఏజెన్సీ పిల్లలకు సవర భాషలో గొంతు వినిపించాలి. ఆ గొంతు అక్కడి మనిషిదే కావాలి.

గొంతు అనడానికి మరో కారణం కూడా ఉంది. మన జిల్లా నుంచి వలస పోయే కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. తల్లీతండ్రీ హైదరాబాదులోనో చెన్నైలోనో పనికి వెళితే, స్మార్ట్‌ఫోను వాళ్లతోనే పోతుంది. పిల్లవాడు ఇక్కడ నాయనమ్మ దగ్గర బటన్ ఫోనుతో మిగులుతాడు. అందువల్ల యాప్‌లోని పాఠాలే ఒక నంబరుకు ఫోన్ చేసి వినే ఏర్పాటు ఉంటే నాయనమ్మ కూడా వింటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఏనుగుల కదలికలను యాప్‌లో నమోదు చేసినా, దగ్గరి గ్రామాల వారికి ఆ హెచ్చరిక ఫోన్ కాల్‌గా, ఎస్సెమ్మెస్‌గా కూడా అందిస్తున్నారు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులతో ఇన్నేళ్లుగా బాధపడుతున్న మనకు, పొరుగున పార్వతీపురం మన్యం జిల్లాకు అలాంటిదే కావాలి. బడిలో మాత్రం తరగతికి రెండు మూడు ఫోన్లు బడి ఆస్తిగా ఇస్తే చాలు, ఐదారుగురు పిల్లలు ఒక ఫోను చుట్టూ చేరి వాదించుకుంటూ నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఉద్దానం కిడ్నీ వ్యాధి గురించి ఒక్క మాట. ఇంతమంది పరిశోధించినా దానికి కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. తేలని దాన్ని తేలిందన్నట్టు యాప్‌లో రాస్తే, ఇప్పటికే వాట్సాప్ పుకార్లతో నలిగిపోతున్న ఆ పల్లెలకు మరో పుకారు పుట్టించినట్టవుతుంది. తెలియనిది తెలియదని, తెలిసింది ఇదని వేరుచేసి చెప్పండి. డాక్టరు చెప్పకుండా ఒళ్లునొప్పుల మాత్రలు అలవాటుగా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయన్నది తెలిసిన సంగతి, అది చెప్పండి. మీ ఊరి కుళాయి నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమిటి అన్నది ఊరిపేరు నొక్కగానే కనిపించేలా పెట్టండి.

పిల్లల వివరాల విషయంలో జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పేరు, ఫోను నంబరు, ముఖం ఉన్న ఫొటో అడగకుండా బడి పేరు, తరగతి మాత్రమే అడిగితే సరిపోతుంది. తాబేలు గుడ్లున్న చోటు, అరుదైన పక్షి గూడున్న చోటు అందరికీ కనిపించకూడదు. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ముప్పున్న జీవుల కచ్చితమైన స్థానాన్ని బయటికి చూపకుండా దాచే పద్ధతి ఉంది, దాన్నే అనుసరించవచ్చు.

ఇవన్నీ చేయడానికి దూరపు సంస్థకు పని అప్పజెప్పనక్కరలేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి విద్యార్థుల్లో చాలామంది మా చేతుల మీదుగా వెళ్లిన పల్లె పిల్లలే. వాళ్లను, జీవశాస్త్రం ఉపాధ్యాయులను, అటవీశాఖ బీట్ ఆఫీసర్లను, మత్స్యకార సంఘాల వారిని ఒకచోట కూర్చోబెట్టండి. పిల్లవాడు చెరువులో చేపలు తేలాయనో, గెడ్డలోకి రంగునీళ్లు వచ్చాయనో యాప్‌లో రాస్తే, వారం లోపు ఫలానా అధికారి చూసి జవాబు రాయాలన్న ఉత్తర్వు కూడా మీరే ఇవ్వండి. జవాబు రాని ఫిర్యాదు పిల్లవాడికి నేర్పే పాఠాన్ని తర్వాత ఏ ఉపాధ్యాయుడూ మాన్పలేడు.

సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తేలినీలాపురానికి పక్షులు మళ్లీ వస్తాయి. అప్పటికి యాప్ పూర్తిగా కాకపోయినా, పది ప్రశ్నలతో ఒక చిన్న నమూనా తయారైతే, దాన్ని ముందుగా మా పిల్లల చేతికి ఇవ్వండి. గూళ్లు కట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరిపోయే మార్చి, ఏప్రిల్ నెలల వరకు వారానికొక శనివారం వాళ్లను ఆ చింతచెట్ల కిందకు తీసుకువెళ్లి, ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో రాసి పంపే బాధ్యత నేను తీసుకుంటాను. మొదటి శనివారం మీరూ రావాలని, అరుగు మీది ఆ ముసలమ్మను కలవాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా.